జ్వరం ఎక్కడ పుడుతుంది? – బేగంపేటలో మొదలైన ఒక విచారణ

1897 ఆగస్టు నెలలో పది రోజుల తేడాతో రెండు సంగతులు జరిగాయి. ఆగస్టు 10న జర్మనీలోని ఎల్బర్‌ఫెల్డ్ పట్టణంలో, బేయర్ కంపెనీ ప్రయోగశాలలో, ఫెలిక్స్ హాఫ్‌మన్ అనే యువ రసాయన శాస్త్రజ్ఞుడు ఒక తెల్లటి పొడి తయారుచేసి తన నోటు పుస్తకంలో రాసుకున్నాడు. అదే తర్వాత ఆస్పిరిన్ అయింది. ఆగస్టు 20న మన సికిందరాబాదు కంటోన్మెంటులో, బేగంపేట మిలిటరీ ఆసుపత్రిలో, రోనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు ఒక దోమ కడుపు కోసి, మైక్రోస్కోపు కింద పెట్టి, ఆ కడుపు గోడలో నల్ల రేణువులున్న గుండ్రటి కణాలను చూశాడు. మొదటిది జ్వరాన్ని దించే మందు. రెండవది మలేరియా జ్వరం తెచ్చే జీవి ఏ దారిన వస్తుందో చెప్పిన ఆనవాలు. అయితే ఈ రెండింటి నడుమ ఒక పెద్ద ప్రశ్న మిగిలిపోయింది. అసలు ఒంట్లో ఆ వేడి పుట్టించేది ఎవరు? పురుగా? రక్తమా? మరెవరన్నానా? దానికి గట్టి జవాబు దొరకడానికి సరిగ్గా మరో ఎనభై ఏళ్ళు పట్టింది.

మన సంఘం ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి కావాలని కార్యదర్శి గారు అడిగారు. నిజాం నవాబుల గురించీ గోల్కొండ గురించీ రాయగలవారు మనలో చాలామంది ఉన్నారు కనుక నేను జ్వరం చరిత్ర ఎత్తుకున్నాను. నేను డాక్టరును కాను, జీవితమంతా ఫైళ్ళు చూసిన గుమాస్తాను. కాని ఒక కాగితం ఎక్కడ పుట్టింది, ఎవరి బల్ల మీదుగా పోయింది, చివరకు ఉత్తర్వు ఎవరు ఇచ్చారు అని వెతికి పట్టుకోవడం మన వృత్తి గదా. జ్వరం విషయంలో శాస్త్రజ్ఞులు చేసినదీ అదే పని. పైగా ఈ విషయం డెబ్భై దాటిన మనకు మరీ ముఖ్యం. ఎందుకు ముఖ్యమో చివరిభాగంలో మనవి చేస్తాను.

బౌద్ధనగర్‌లో ఉండే నావంటివాడికి ఈ కథలోని చోట్లు చాలావరకు చేరువే. జామై ఉస్మానియా స్టేషను దాటితే యూనివర్సిటీ, ఆ పక్కన తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ. ఇటు నల్లకుంటలో ఫీవర్ హాస్పిటల్. దాన్ని పాతవాళ్ళు ఇప్పటికీ 'కోరంటి దవాఖానా' అంటారు. క్వారంటైన్ అనే ఇంగ్లీషు మాట జనం నోట్లో నలిగి కోరంటి అయింది. దాని అధికారికమైన పేరులో ఉన్నది సర్ రోనాల్డ్ రాస్ పేరే. ఇక రాస్ పనిచేసిన బేగంపేట భవనం కూడా మన ఉస్మానియా యూనివర్సిటీ చేతికే వచ్చింది. పాత విమానాశ్రయం దగ్గర ఉన్న ఆ భవనాన్ని చూడనివారు ఒకసారి వెళ్ళి చూడవచ్చు.

రాస్ 1857లో అల్మోరాలో పుట్టాడు. 1895లో పందొమ్మిదో మద్రాసు పదాతి దళం డాక్టరుగా సికిందరాబాదు వచ్చాడు. మలేరియా రోగుల రక్తంలో ఒక పరాన్నజీవి ఉందని లావరాన్ అనే ఫ్రెంచి సైనిక వైద్యుడు 1880లోనే అల్జీరియాలో కనిపెట్టాడు. దోమల మీద దృష్టి పెట్టమని లండన్‌లోని ప్యాట్రిక్ మాన్సన్ రాస్‌కు చెప్పాడు. ఇక రాస్ దోమలు కోయడం మొదలుపెట్టాడు. రెండేళ్ళ పాటు కోసినవన్నీ వేరే జాతివి కావడంతో ఏమీ దొరకలేదు. 1897 ఆగస్టు మధ్యలో మచ్చల రెక్కల దోమలు కొన్ని చేతికి చిక్కాయి. హుస్సేన్ ఖాన్ అనే మలేరియా రోగిని దోమతెరలో పడుకోబెట్టి, కుట్టిన దోమకు ఒక అణా చొప్పున ఇస్తానని ఒప్పించి, ఆ దోమలను వదిలాడు. తర్వాత ఒక్కొక్కటిగా కోసి చూశాడు. ఉక్కపోత. పంకా లాగిస్తే దోమలు ఎగిరిపోతాయి కనుక అదీ లేదు. నుదుటి చెమట కారి మైక్రోస్కోపు మరలు తుప్పు పట్టాయి, కంటి అద్దం పగిలి ఉంది. నాలుగోనాడు, అంటే 20వ తేదీన, ఆ నల్ల రేణువుల కణాలు కనబడ్డాయి. మర్నాడు ఆఖరి దోమను కోస్తే అవే కణాలు ఇంకొంచెం పెద్దవై ఉన్నాయి. పెరుగుతున్నాయంటే ప్రాణమున్నవే. ఆ రాత్రి ఆయన ఒక పద్యం కూడా రాసుకున్నాడంటే ఆ సంతోషం ఎంతటిదో ఊహించవచ్చు.

తర్వాత జరిగింది మన ఉద్యోగులకు బాగా అర్థమయ్యే సంగతి. పని పండే వేళకు బదిలీ ఉత్తర్వు వచ్చింది. రాజపుటానాలోని ఖేర్వారాకు పంపారు. 1898లో కలకత్తా చేరి, పక్షుల మలేరియా మీద పరిశోధన చేసి, దోమ దారిని పూర్తిగా నిరూపించాడు. మనుషుల మలేరియా విషయంలో అదే దారిని ఇటలీవారు తేల్చారు. 1902లో రాస్‌కు నోబెల్ బహుమతి వచ్చింది.

ఆ నల్ల రేణువులను పాఠకులు గుర్తుంచుకోవాలి. రాస్‌కు అవి ఆనవాలు మాత్రమే. మలేరియా పురుగు మన రక్తంలోని ఎర్రదనాన్ని తిని మిగిల్చే నల్లటి మడ్డి అది. మలేరియా రోగి రక్తంలో ఆ మడ్డి ఉంటుందని అప్పటికే తెలుసు కనుక, దోమ కడుపులో అదే కనబడేసరికి దొంగ దొరికాడనుకున్నాడు. కాని ఆ మడ్డికీ జ్వరానికీ ఏదో లంకె ఉందని ఆ రోజున ఎవరికీ తెలియదు.

ఇక్కడ కొంచెం వెనక్కు వెళ్ళాలి. మన పూర్వులకు జ్వరమంటే మరో రోగానికి గుర్తు కాదు. జ్వరమే రోగం. ఆయుర్వేదంలో రోజూ వచ్చేది అన్యేద్యుష్కం, దినం విడిచి దినం వచ్చేది తృతీయకం, మధ్యలో రెండు రోజులు విడిచి వచ్చేది చాతుర్థికం అని పేర్లున్నాయి. ఎంత నిశితంగా గమనించారో చూడండి. బ్రిటిష్ ఇండియా చావుల రిజిస్టర్లలోనూ 'జ్వరాలు' అనే పద్దు ఒకటి ఉండేది. గ్రామోద్యోగి ఏ చావుకు కారణం తెలియకపోయినా అందులో వేసేవాడు కనుక అన్నిటికన్నా పెద్ద పద్దు అదే. రిజిస్టరు నింపడమే ముఖ్యమైనచోట ఏం జరుగుతుందో మనకు చెప్పనక్కర లేదు.

కొలత వచ్చిన తర్వాత ఆలోచన మారింది. జర్మనీలో వుండర్లిచ్ అనే డాక్టరు 25,000 మంది రోగుల ఉష్ణోగ్రతలు తీసి 1868లో పుస్తకం వేశాడు. మనందరి నోట నానే 98.6 ఆయన పుణ్యమే. అప్పటి థర్మామీటరు అడుగు పొడవుండేది, అంకె నిలవడానికి ఇరవై నిమిషాలు పట్టేది. ఆరంగుళాల చిన్న థర్మామీటరును 1860ల చివర ఇంగ్లండులో క్లిఫర్డ్ ఆల్‌బట్ చేయించాడు. జ్వరం రోగం కాదనీ, రోగానికి గుర్తు అనీ వుండర్లిచ్ పట్టుబట్టి చెప్పాడు.

1886 ప్రాంతంలో ఇటలీ శాస్త్రజ్ఞుడు కామిల్లో గోల్జీ ఇంకో మెట్టు ఎక్కాడు. మలేరియా పురుగులు ఎర్ర రక్తకణాల్లో పెరిగి, అన్నీ దాదాపు ఒకే వేళకు ఆ కణాలను పగలగొట్టుకుని బయటపడతాయనీ, చలి, వణుకు, జ్వరం వచ్చేది సరిగ్గా ఆ వేళకేననీ చూపించాడు. ఒక జాతి పురుగుకు ఆ గడువు 48 గంటలు, ఇంకో జాతికి 72 గంటలు. ఆయుర్వేదం చెప్పిన తృతీయక చాతుర్థికాల లెక్క ఇలా మైక్రోస్కోపు కింద తేలింది. కాని కణాలు పగిలితే ఒళ్ళు ఎందుకు కాలాలి? పురుగుల విషం రక్తాన్ని వేడెక్కిస్తుందని అందరూ అనుకున్నారు. బాక్టీరియాలో అటువంటి విషం ఉందని 1892లో రిచర్డ్ ఫైఫర్ చూపడంతో ఆ నమ్మకం బలపడింది.

మరోపక్క, పురుగులను ఎదుర్కొనే సైన్యం ఒంట్లోనే ఉందని రష్యన్ శాస్త్రజ్ఞుడు మెచ్నికోవ్ 1882లో సిసిలీ ద్వీపంలో కనిపెట్టాడు. నక్షత్రచేప పిల్లకు ముల్లు గుచ్చితే, మర్నాటికి దాని చుట్టూ సంచార కణాలు మూగి ఉన్నాయి. మన కాలికి తుమ్మముల్లు దిగినా ఇదే. అక్కడ ఎర్రబడుతుంది, వాస్తుంది, వేడెక్కుతుంది, నొప్పి పెడుతుంది. ఈ నాలుగు లక్షణాలనూ రెండు వేల ఏళ్ళ నాడే రోమన్ రచయిత సెల్సస్ రాసిపెట్టాడు. ముల్లు దిగిన చోట వేడికి కారణం అక్కడికి ఎక్కువ రక్తం పారడమే. కాలి వాపుకు ఒళ్ళంతా ఎందుకు కాగుతుందో మాత్రం మెచ్నికోవూ చెప్పలేదు.

చెప్పినవాడు పాల్ బీసన్ అనే అమెరికన్ డాక్టరు. 1948లో ఆయన కుందేళ్ళ తెల్ల రక్తకణాలను తీసి, వాటి నుంచి వచ్చిన పదార్థాన్ని వేరే కుందేళ్ళకు ఎక్కించాడు. వాటికి జ్వరం వచ్చింది. పురుగు లేదు, రోగం లేదు, ఉన్నది ఒంటి సొంత కణాల సరుకే. చాలామంది నమ్మలేదు. నమ్మకపోవడానికి కారణమూ ఉంది. గాజు సామానులోనో నీళ్ళలోనో రవ్వంత బాక్టీరియా విషం మిగిలినా కుందేలుకు జ్వరం వస్తుంది. స్వేదనజలంలో కలిసిన అటువంటి మలినం వల్లనే ఇంజెక్షన్ల తర్వాత చలిజ్వరం వచ్చేదని ఫ్లోరెన్స్ సీబర్ట్ అనే ఆవిడ 1920లలోనే తేల్చింది. కనుక బీసన్ బృందం తేడాలు చూపాల్సి వచ్చింది. బాక్టీరియా విషం బాగా కాచినా చావదు, తెల్లకణాల పదార్థం వేడికి పాడైపోతుంది. విషం ఎక్కిస్తే జ్వరం నిదానంగా వస్తుంది, తెల్లకణాల పదార్థం ఎక్కిస్తే నిమిషాల్లోనే పాదరసం కదులుతుంది. అంటే విషం నేరుగా జ్వరం తేవడం లేదు. ముందు తెల్లకణాలను లేపుతోంది, అవి ఇంకేదో పంపుతున్నాయి. ఆలస్యం అందుకే.

ఆ 'ఇంకేదో' ఏమిటో పట్టుకోవడం మరీ కష్టమైంది, ఎందుకంటే అది ఉండేది అతి స్వల్పం. అమెరికాలో షెల్డన్ వోల్ఫ్ దగ్గర పనిచేసిన చార్లెస్ డినరెల్లో, మనుషుల రక్తం నుంచి తెల్లకణాలు పోగుచేసి, ఏళ్ళ తరబడి వడపోసి, చివరకు 1977లో శుద్ధమైన పదార్థాన్ని చూపించాడు. అదొక ప్రోటీను. దానికి ఇంటర్‌ల్యూకిన్-1 అనే పేరు 1979లో స్థిరపడింది, 1984లో దాని జన్యువు దొరికింది. మనిషికి జ్వరం తేవడానికి అది గ్రాములో వందకోట్లవ వంతుల లెక్కన చాలు. ఒకే ప్రోటీను అన్ని పనులు చేస్తుందా అని పెద్దలు సందేహించారట. సందేహించడం వాళ్ళ ఉద్యోగం. టి.ఎన్.ఎఫ్., ఇంటర్‌ల్యూకిన్-6 అనే మరో రెండు దూతలు కూడా ఈ పనిలో ఉన్నాయని తర్వాత తెలిసింది.

ఇప్పుడు ఫైలు నడిచిన దారి మొత్తం చెప్పవచ్చు. పురుగు ఒంట్లో దిగిన చోట మాక్రోఫేజ్ అనే పెద్ద తెల్లకణాలు కాపలా ఉంటాయి. పురుగు పెంకులోని ముక్కలను గుర్తుపట్టే తాళాలు వాటి పైపొర మీద ఉంటాయి. ఆ తాళాలలో ముఖ్యమైనదాన్ని 1998లో గుర్తించిన బ్రూస్ బాయ్ట్లర్‌కు 2011 నోబెల్‌లో భాగం దక్కింది. తాళం తిరిగిందంటే తెల్లకణం రెండు పనులు చేస్తుంది. చుట్టుపక్కల వాపు పుట్టించి సాయానికి ఇతర కణాలను పిలుస్తుంది. రెండోది, దూర కార్యాలయానికి తాఖీదు పంపుతుంది. ఇంటర్‌ల్యూకిన్లు రక్తంలో కలిసి మెదడుకు చేరతాయి. అయితే మెదడు పెద్ద సెక్రటేరియట్, ఎవరుపడితే వాళ్ళు లోపలికి పోలేరు. గుమ్మం దగ్గర ఉన్న రక్తనాళాల గోడకణాలే ఆ తాఖీదు అందుకుని, దాన్ని ప్రోస్టాగ్లాండిన్ ఇ-2 అనే చిన్న రసాయనంగా తిరగరాసి లోపలికి పంపుతాయి. అది హైపోథాలమస్ ముందుభాగంలోని నరకణాలను తాకుతుంది. ఒంటి వేడిని అదుపులో ఉంచే ఆఫీసు అదే. ప్రోస్టాగ్లాండిన్‌ను అందుకునే ఒక ప్రత్యేక తాళం లేని ఎలుకలను జపాన్‌వారు 1998లో పరీక్షిస్తే, వాటికి ఏం చేసినా జ్వరం రాలేదు.

ఆ ఆఫీసు చేసేది ఒక్కటే. 98.6 అని ఉన్న అంకె కొట్టేసి 102 అని రాస్తుంది. అప్పుడు ఒళ్ళు 99లో ఉన్నా మెదడు లెక్కకు అది చల్లగా ఉన్నట్లే. అందుకని చర్మంలో రక్తనాళాలు ముడుచుకుంటాయి, చేతులు చల్లబడతాయి, కండరాలు వణుకుతాయి, పళ్ళు టకటకలాడతాయి, దుప్పటి మీద దుప్పటి అడుగుతాం. ఏప్రిల్ ఎండలో కూడా జ్వరం వచ్చేముందు చలి ఎందుకు వేస్తుందో మా అమ్మ ఎప్పుడూ ఆశ్చర్యపడేది. కారణం ఇదే. రోగం సద్దుమణిగాక అంకె మళ్ళీ 98.6కు దిగుతుంది. ఇప్పుడు ఒళ్ళే ఎక్కువ వేడిగా ఉంది కనుక చెమట పోసి జ్వరం విడుస్తుంది.

ఇక బేగంపేట నల్ల రేణువుల సంగతి. ఎర్రకణాలు పగిలినప్పుడు ఆ మడ్డి కూడా రక్తంలోకి వచ్చిపడుతుంది. దాన్ని తెల్లకణాలు మింగుతాయి. ఆ మడ్డీ, దానికి అంటుకుని వచ్చే పురుగు తాలూకు పదార్థాలూ తెల్లకణాలను రెచ్చగొట్టి జ్వర దూతలను విడుదల చేయించేవాటిలో ఉన్నాయని ఈ శతాబ్దంలో జరిగిన పరిశోధనల్లో తెలిసింది. రాస్ ఆనవాలుగా చూసింది జ్వరం తెప్పించే సరుకులో ఒకటి. ఆయన 1932లో పోయాడు, ఈ సంగతి తెలియకుండానే.

1958లో జాతీయ మలేరియా నిర్మూలన కార్యక్రమం మొదలయ్యాక మన ఊళ్ళకు 'మలేరియా వాళ్ళు' వచ్చేవారు. ఇంట్లో ఎవరికైనా జ్వరమా అని అడిగి, ఉంటే వేలు గుచ్చి గాజుపలక మీద చుక్క రక్తం తీసుకుని, గోడ మీద తేదీ వేసి పోయేవారు. మన వయసువాళ్ళందరికీ జ్ఞాపకమే. ఆ మొత్తం కార్యక్రమం నడిచింది జ్వరం అనే ఒక్క ప్రశ్న మీద.

హాఫ్‌మన్ పొడి సంగతి కూడా ముగించాలి. ఆస్పిరిన్ 1899 నుంచి బజారులో ఉంది. (ఆ పొడి ఘనత తనదేనని అదే కంపెనీలోని ఐఖెన్‌గ్రూన్ తర్వాత వాదించాడు, ఆ తగవు నేటికీ తెగలేదు.) అది జ్వరాన్ని ఎలా దించుతుందో డెబ్భై ఏళ్ళకు పైగా ఎవరికీ తెలియదు. 1971లో ఇంగ్లండులో జాన్ వేన్, ఆస్పిరిన్ చేసేది ప్రోస్టాగ్లాండిన్ తయారీని ఆపడమేనని కనిపెట్టాడు. 1982లో ఆయనకు నోబెల్ బహుమతిలో వాటా వచ్చింది. అంటే మాత్ర పురుగును చంపదు, తెల్లకణాల నోరూ మూయదు. గుమ్మం దగ్గర తాఖీదు తిరగరాసే గుమాస్తా చేతిలో కలం లాగేస్తుంది, అంతే. పారాసిటమాల్ కూడా మెదడులో ఆ దారినే అడ్డుకుంటుంది.

ఇందులో మనకు పనికివచ్చే సంగతి ఒకటి ఉంది. వడదెబ్బకు ఒళ్ళు 104, 105 దాకా కాలినా అది జ్వరం కాదు. అక్కడ తెల్లకణాలు ఏ తాఖీదూ పంపలేదు, మెదడు అంకె మార్చలేదు. బయటి వేడిని ఒళ్ళు తట్టుకోలేకపోవడం అది. కనుక పారాసిటమాల్ వేసి కూర్చుంటే లాభం లేదు. బట్టలు వదులుచేసి, నీళ్ళతో తడిపి, గాలి విసురుతూ ఆసుపత్రికి తీసుకుపోవాలి. మన మే నెలల్లో ఈ తేడా తెలియక పోయిన ప్రాణాలున్నాయి.

మరి జ్వరం మంచిదా, చెడ్డదా? 1974–76 మధ్య అమెరికాలో మాథ్యూ క్లూగర్ ఎడారి తొండల మీద చేసిన పరీక్ష నాకు చాలా నచ్చింది. తొండకు సొంత వేడి లేదు, ఎండలోకి పోయి తెచ్చుకోవాలి. బాక్టీరియా ఎక్కించిన తొండలు వెతుక్కుంటూ మరింత వేడిచోటుకు పోయాయి. చల్లటిచోట కట్టిపడేసినవి ఎక్కువగా చచ్చాయి. జ్వరం దించే మందు ఇచ్చినప్పుడు కూడా, ఒళ్ళు చల్లబడినవే పోయాయి. పిట్టగోడ మీద తలాడించే తొండ కూడా జ్వరం తెచ్చుకుంటుందంటే, ఈ ఏర్పాటు కోట్ల ఏళ్ళనాటిదన్నమాట. అలాగని జ్వరాన్ని పూజించనూ అక్కరలేదు. ఒంటి వేడి ఒక డిగ్రీ సెంటీగ్రేడు పెరిగితే ఒంటి ఖర్చు పది శాతానికి పైగా పెరుగుతుంది. గుండెజబ్బు ఉన్నవాడికి ఆ ఖర్చే ముప్పు. ఆ లెక్క డాక్టరుకు వదలాలి.

జ్వరంలో ఆకలి చచ్చిపోవడం, నిద్రమత్తు, ఒళ్ళునొప్పులు కూడా ఈ దూతల పనే. 'లంఖణం పరమౌషధం' అన్న మన పెద్దలకు ఇంటర్‌ల్యూకిన్ తెలియకపోయినా, జ్వరం వచ్చిన ఒళ్ళు తిండి వద్దంటుందని తెలుసు. కాని ఇది ఒకటి రెండు పూటలకే చెల్లే మాట. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో మెక్‌కారిసన్ మొదలుపెట్టిన చిన్న పరిశోధనశాల నుంచి పెరిగి 1958లో హైదరాబాదు వచ్చింది. తిండి లేని ఒళ్ళు రోగాలను ఎలా తట్టుకోలేదో అక్కడివారు పిల్లల మీద దశాబ్దాల పాటు అధ్యయనం చేశారు. పోషణ బాగా చెడిన పిల్లలకు లోపల ఇన్ఫెక్షన్ ఉన్నా జ్వరం రాదు, పైగా ఒళ్ళు చల్లబడుతుంది. ఇది పిల్లల డాక్టర్లకు బాగా తెలిసిన ప్రమాద సూచన. జ్వరం తెచ్చుకోవడానికీ ఒంట్లో సరుకుండాలి.

ఇక మన సంగతి. ముసలితనంలోనూ దాదాపు ఇదే జరుగుతుంది. తెల్లకణాల చురుకు తగ్గుతుంది, వణికే కండ తగ్గుతుంది, చర్మం కింది నాళాలు త్వరగా ముడుచుకోవు. పైగా మనలో చాలామందికి మామూలుగా ఉండే వేడే 98.6 కన్నా తక్కువ. పెద్ద వయసులో తీవ్రమైన ఇన్ఫెక్షన్ వచ్చినవారిలో నూటికి ఇరవై ముప్పైమందికి జ్వరం సరిగా కనబడదు, లేదా అసలే రాదు. 2020లో మనం చూశాం. ప్రతి దుకాణం గుమ్మం దగ్గర నుదుటికి తుపాకీలాంటి యంత్రం గురిపెట్టి 'నార్మల్' అని లోపలికి పంపేవారు. అదే సంవత్సరం చైనా నుంచి వచ్చిన పెద్ద నివేదికలో, కోవిడ్‌తో ఆసుపత్రిలో చేరే వేళకు జ్వరం ఉన్నవారు నూటికి 44 మందే. మన పక్కనే ఉన్న గాంధీ ఆసుపత్రి ఆ నెలల్లో పూర్తిగా కోవిడ్ రోగులతో నిండి ఉంది, మనమేమో నుదుటి అంకె చూసుకుని ధైర్యంగా తిరిగాం. థర్మామీటరు చెప్పే నార్మల్ లైఫ్ సర్టిఫికెట్ కాదు సుమా.

వృద్ధుల ఇన్ఫెక్షన్ల విషయంలో అమెరికా నిపుణులు 2008లో ఇచ్చిన మార్గదర్శకాలు మనకు వర్తిస్తాయి. నోట్లో పెట్టి చూసినప్పుడు ఒక్కసారైనా 100 దాటితే జ్వరం. మళ్ళీ మళ్ళీ 99 దాటుతున్నా జ్వరమే. అన్నిటికన్నా ముఖ్యం, ఆ మనిషికి మామూలుగా ఉండే అంకె కన్నా రెండు డిగ్రీలు పెరిగితే, మొత్తం అంకె ఎంత తక్కువైనా సరే, జ్వరమే. కాని మామూలు అంకె ఎంతో మనలో ఎందరికి తెలుసు? బి.పి., షుగరు రాసుకుంటాం, ఇది రాసుకోం.

మా వీధిలో ఎనభై దాటిన ఒక విశ్రాంత ఉద్యోగి ఉన్నారు. పేరు చెప్పను, ఆయనకు ఇష్టముండదు. రెండేళ్ళ కిందట చలికాలంలో ఒకరోజు పొద్దున కాఫీ వద్దన్నారు. మధ్యాహ్నానికి మనవణ్ణి తన తమ్ముడి పేరుతో పిలిచారు. కొడుకు థర్మామీటరు పెడితే 98.8 వచ్చింది. "నార్మలే నాన్నగారూ, పడుకోండి" అన్నాడు. కోడలు ఒప్పుకోలేదు. ఆ అమ్మాయి మామగారికి రోజూ బి.పి. చూసే పుస్తకంలోనే వేడి కూడా రాసి ఉంచేది. మూడు నెలలుగా అందులో 96.6, 96.4, 96.6 అనే ఉంది. "మామయ్యగారికి ఇది నార్మల్ కాదండీ, రెండు డిగ్రీలు ఎక్కువ" అంది. ఊపిరి కూడా గడియారం పెట్టి లెక్కపెట్టింది, నిమిషానికి ఇరవై ఎనిమిది. ఆసుపత్రిలో ఎక్స్‌రే తీస్తే కుడి ఊపిరితిత్తిలో న్యుమోనియా. ఇంకో రోజు ఆలస్యమైతే చెప్పలేమని డాక్టరు అన్నారట. తొమ్మిది రోజులు ఉండి ఇంటికి వచ్చారు. ఇప్పుడు యూనివర్సిటీ రోడ్డు మీద పొద్దున నాతోపాటే నడుస్తారు, నాకన్నా కొంచెం ముందే ఉంటారు.

ఆ పుస్తకం నేను చూశాను. స్కూలు పిల్లల రెండు గీతల నోటుబుక్కు. నాలుగు గడులు: తేదీ, వేళ, బి.పి., వేడి. పొద్దున కాఫీకి ముందు ఒకసారి, వారానికి రెండు రోజులు. నేనూ నవంబరు నుంచి అలాంటిదే ఒకటి పెట్టాను. నాది 97.2, మా ఆవిడది 97.6.